1950ల అమెరికన్ హైస్కూల్లో లాటిన్ పక్కనే లేత్ మెషీను ఎందుకుంది?

మీ ప్రశ్న తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలని ముందు రెండు మాటల్లో చెబుతాను. యార్డ్ సేల్‌లో మీకు 1954 నాటి ఒక హైస్కూల్ ఇయర్‌బుక్ దొరికింది. టీచర్ల ఫొటోలు డిపార్ట్‌మెంట్ల వారీగా వేశారు. ఒక పేజీలో ఇంగ్లీషు, లాటిన్, మ్యాథ్స్, సైన్స్, సోషల్ స్టడీస్. పేజీ తిప్పితే కమర్షియల్, ఇండస్ట్రియల్ ఆర్ట్స్, ట్రేడ్స్, వొకేషనల్ అగ్రికల్చర్, హోం ఎకనామిక్స్. లాటిన్ చెప్పే బడిలో లేత్ మెషీను ఏం చేస్తోంది, ఇది మన ఐటీఐ లాంటిదా, చదువు రాని పిల్లల్ని అటు పంపేసేవాళ్ళా అని అడిగారు.

ఐటీఐ లాంటిది కాదండీ. మన దగ్గర ఐటీఐలో చేరాలంటే బడి వదిలి వెళ్ళాలి. ఇక్కడ పిల్లాడు అదే గేటులోంచి వస్తాడు, అదే ఫుట్‌బాల్ టీములో ఆడతాడు, చివర్లో అదే స్టేజీ మీద డిప్లొమా తీసుకుంటాడు. ఇక చదువు రాని పిల్లల సంగతి అడిగారు చూడండి, దానికి ఒక్క మాటలో జవాబు చెబితే ఆ పిల్లలకి అన్యాయం చేసినట్టవుతుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నేను ఒహాయోలో ఒక పబ్లిక్ హైస్కూల్లో 21 ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. మొదటి తొమ్మిదేళ్ళు నాకిచ్చిన గది ఒకప్పటి ప్రింట్ షాపు, అంటే పిల్లలు అచ్చుపని నేర్చుకునే గది. సిమెంటు నేల మీద వరసగా బోల్టుల గుంటలు, ప్రెస్సులు బిగించిన చోట. కిటికీల కింద నేలలోకి ఇంకిపోయిన నల్ల సిరా మరకలు, ఎన్నిసార్లు కడిగించినా వదల్లేదు. ఆ పాత బిల్డింగు పడగొట్టే ముందు స్టోర్‌రూములో మూలపడి ఉన్న కోర్సు పుస్తకాలు, టైంటేబుళ్ళు, మార్కుల కార్డులు సర్దే పని నేనే అడిగి తీసుకున్నాను. రెండు వేసవి సెలవులు దాంతోనే గడిచిపోయాయి. ఇక్కడ రాసేది కొంత ఆ కాగితాల్లో చూసింది, కొంత ఆ తర్వాత ఆగలేక చదువుకున్న చరిత్ర.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఆ కాలపు హైస్కూలు అర్థం కావాలంటే డిపార్ట్‌మెంట్ల పేర్లతో పని జరగదు, టైంటేబుల్ చూడాలి. ఒక కోర్సు పిల్లాడి రోజులో ఎన్ని పిరియడ్లు తినేస్తుందో చూస్తే, వాడు ఆ తర్వాత ఎటు వెళ్ళగలడో చాలావరకు తెలిసిపోతుంది.

అన్నీ ఒకే బడిలోకి ఎలా వచ్చాయంటే, పిల్లలు వచ్చారు కాబట్టి. 1910 ప్రాంతంలో అమెరికాలో పదిహేడేళ్ళ వయసు వాళ్ళలో నూటికి తొమ్మిది మంది మాత్రమే హైస్కూలు పూర్తి చేసేవాళ్ళు. 1940కి సగం మంది. 1950కి 59 మంది. నలభై ఏళ్ళలో ఇంత మార్పు. ఆ తొమ్మిది మంది కోసం కట్టిన చదువు ఈ 59 మందికి సరిపోతుందా అన్నదే అప్పటి పెద్ద గొడవ. 1893లో హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నడిపిన పదిమంది కమిటీ, కాలేజీకి వెళ్ళేవాడైనా వెళ్ళనివాడైనా ఒక సబ్జెక్టు చదివితే అందరికీ ఒకేలా చెప్పాలంది. 1918లో ఇంకో కమిషన్ వచ్చి హైస్కూలు లక్ష్యాలు ఏడు అని లెక్క తేల్చింది, వాటిలో ఆరోగ్యం, ఇంటి బాధ్యత, వృత్తి, పౌరసత్వం, తీరిక సమయాన్ని మంచిగా వాడుకోవడం కూడా ఉన్నాయి. ఇవన్నీ ఒకే కప్పు కింద జరగాలని ఆ కమిషనే చెప్పింది. అదే సమయంలో యూరప్ వేరే దారిలో వెళ్ళింది. ఇంగ్లండులో 1944 చట్టం తర్వాత పదకొండేళ్ళకే పరీక్ష పెట్టి పిల్లల్ని వేరువేరు బడులకి పంపేవాళ్ళు. అమెరికా వాళ్ళు ఆ పని చేయలేదు, డాక్టరు కూతురు, ఫౌండ్రీ కూలీ కొడుకు ఒకే హోంరూములో, అంటే రోజూ హాజరు తీసుకునే గదిలో, కూర్చోవాలని పట్టుబట్టారు. ఈ ఒక్క విషయంలో వాళ్ళని ఎంత మెచ్చుకున్నా తక్కువే అంటాను.

మరి ఒకే బడిలో లాటిన్‌నీ కార్పెంటరీనీ ఏ కొలతతో కొలిచారు? యూనిట్‌తో. ఒక సబ్జెక్టు రోజుకి ఒక పిరియడు చొప్పున ఏడాది పొడుగునా చదివితే ఒక యూనిట్, గంటల్లో 120. ఈ కొలత ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ ప్రొఫెసర్లకి పింఛను ఇస్తామంది, అసలు ఏది కాలేజీ ఏది కాదు అన్న ప్రశ్న వచ్చింది, చేరే విద్యార్థి హైస్కూల్లో 14 యూనిట్లు చదివి ఉండాలని అడిగేదే కాలేజీ అని తేల్చారు. పింఛన్ల కోసం పెట్టుకున్న కొలత దేశం మొత్తం హైస్కూళ్ళకి తూకంరాయి అయిపోయింది. మా బడి పాత పుస్తకంలో డిప్లొమాకి 16 యూనిట్లు అని ఉంది. లాటిన్ ఒక యూనిట్, మెకానికల్ డ్రాయింగ్ ఒక యూనిట్, బుక్‌కీపింగ్ ఒక యూనిట్. డిప్లొమా దగ్గర అన్నీ సమానమే. కాలేజీ దగ్గరికి వెళ్ళేసరికి మాత్రం ఆ సమానత్వం చెల్లేది కాదు.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. మీ ఇయర్‌బుక్‌లో ఇండస్ట్రియల్ ఆర్ట్స్ వేరుగా, ట్రేడ్స్ వేరుగా ఉన్నాయి కదా. రెండిట్లోనూ రంపాలూ లేతులే, మరి ఎందుకు విడగొట్టారని మీకు అనిపించే ఉంటుంది. ఇండస్ట్రియల్ ఆర్ట్స్ అంటే అందరి కోసం పెట్టిన షాపు క్లాసు, షాపు అంటే ఇక్కడ వర్క్‌షాపు. రోజుకి ఒక పిరియడు. ఖర్చు ఊరి పన్నుల్లోంచి. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చాలాచోట్ల మగపిల్లలందరికీ తప్పనిసరి, రేపు లాయరయ్యేవాడు కూడా పుస్తకాల స్టాండో చేటో తయారుచేసి ఇంటికి తీసుకెళ్ళాల్సిందే. చేతితో పని చేయడం చదువులో భాగం అన్న నమ్మకం అది. ఎవరినీ ఏ ఉద్యోగానికీ తయారుచేయడానికి పెట్టింది కాదు.

ట్రేడ్స్ సంగతి పూర్తిగా వేరు. దాని వెనక ఉన్నది 1917 ఫిబ్రవరిలో అధ్యక్షుడు విల్సన్ సంతకం చేసిన స్మిత్-హ్యూస్ చట్టం. స్మిత్, హ్యూస్ ఇద్దరూ జార్జియా రాష్ట్రం వాళ్ళు. వ్యవసాయం, చేతివృత్తులు-పరిశ్రమలు, హోం ఎకనామిక్స్, ఈ మూడిటికీ కేంద్రం డబ్బు ఇస్తుంది, కేంద్రం ఇచ్చే ప్రతి డాలరుకీ రాష్ట్రమో ఊరో ఇంకో డాలరు వేయాలి. ఆ డబ్బు ఎక్కువగా టీచర్ల జీతాలకి వెళ్ళేది. దాంతో పాటే షరతులు వచ్చాయి. ట్రేడ్ కోర్సు పిల్లాడు వారానికి 30 గంటలు బడిలో ఉండాలి, అందులో కనీసం సగం షాపు పని, అది కూడా ఉత్తుత్తి పని కాకుండా పనికొచ్చే వస్తువు తయారయ్యే పని. మిగిలిన సగంలో పావు వంతు ఆ పనికి సంబంధించిన లెక్కలూ సైన్సూ బ్లూప్రింట్ చదవడమూ, ఇంకో పావు వంతు ఇంగ్లీషు, హిస్టరీ.

ఒకసారి కాగితం మీద ఆరు పిరియడ్లు గీసి ఇవి నింపి చూడండి. మూడు షాపుకి పోయాయి. ఒకటో ఒకటిన్నరో రిలేటెడ్ సబ్జెక్టులకి. మిగిలిన దాంట్లో ఇంగ్లీషు, హిస్టరీ. జామెట్రీకి చోటెక్కడుంది? కెమిస్ట్రీకి? ఫారిన్ లాంగ్వేజీకి? వద్దని ఎవరూ అనలేదు, రోజులో ఖాళీ మిగల్లేదు, అంతే. షరతు పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే, పిల్లాడు నిజంగా పని నేర్చుకోవాలి, వారానికి రెండు గంటలు సుత్తి పట్టుకుంటే పని రాదు అని. కానీ పదిహేనేళ్ళ పిల్లాడు ఒకసారి ఆ తలుపులోంచి లోపలికి వెళితే వెనక్కి వచ్చే దారి టైంటేబుల్లోనే మూసుకుపోయేది.

ఆ కార్డుల్లో ఒకటి నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. పేరు చెప్పను. తొమ్మిదో తరగతి, 1951. ఆల్జీబ్రాలో రెండు సెమిస్టర్లూ ఏ. లాటిన్ బి. పదో తరగతి నుంచి మెషిన్ షాపు, రోజుకి మూడు పిరియడ్లు, దాని కింద రిలేటెడ్ మ్యాథ్, రిలేటెడ్ సైన్స్. జామెట్రీ లేదు, రెండో ఏడాది ఆల్జీబ్రా లేదు. ఎందుకు మారాడో రాసి లేదు. తండ్రి వృత్తి అన్న గడిలో ఫౌండ్రీ అని ఉంది. రిలేటెడ్ మ్యాథ్‌లో మూడేళ్ళూ ఏ. లెక్కల మాస్టారిగా ఆ కార్డు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఎందుకంటే ఆ రిలేటెడ్ మ్యాథ్ నోట్సులు కూడా ఆ స్టోర్‌రూములోనే ఉన్నాయి. ఒక లెక్క చెబుతాను చూడండి. మిల్లింగ్ మెషీను మీద 28 పళ్ళ గేరు కొయ్యాలి. పని ముక్కని సమాన భాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్ అనే పరికరం హ్యాండిలు 40 చుట్లు తిప్పితే పని ముక్క ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే ఒక్కో పన్నుకి 40ని 28తో భాగించినన్ని చుట్లు, ఒకటీ మూడు బై ఏడు. మూడు బై ఏడు చుట్టు చేత్తో ఎలా తిప్పుతావు? పక్కన ప్లేటుకి వలయాలుగా చిల్లులుంటాయి, 21 చిల్లుల వలయం ఎంచుకుని ఒక పూర్తి చుట్టు, ఆపైన తొమ్మిది చిల్లులు జరపాలి. ఒక్క చిల్లు తప్పితే ఆ ముక్క తుక్కులోకే. భిన్నాలు ఇంతకంటే నిజంగా ఎక్కడ చెప్పగలం? నేను ఇప్పటికీ తొమ్మిదో తరగతికి భిన్నాలు ఈ లెక్కతోనే మొదలుపెడతాను. అది చేయగలిగిన పిల్లాడు జామెట్రీ చేయలేడా? చేస్తాడు. కానీ కాలేజీ అడ్మిషన్ల వాళ్ళకి ఇది మ్యాథ్స్ యూనిట్ కింద లెక్కకి రాదు.

ఈ గోడ తప్పనిసరి కూడా కాదు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ టెక్ 1922లో మొదలైంది, ఎంట్రన్స్ పరీక్ష రాసి చేరాలి, అప్పట్లో మగపిల్లలకే. అక్కడ పిల్లలు పాటర్న్ మేకింగ్, ఫౌండ్రీ, మెషిన్ షాపు చేస్తూనే ఇంజినీరింగ్ కాలేజీకి కావలసిన లెక్కలూ సైన్సూ చదివేవాళ్ళు. షికాగోలో లేన్ టెక్, డిట్రాయిట్‌లో కాస్ టెక్ కూడా పేరున్న బడులు. ఎంచుకున్న పిల్లలకి రెండూ కలిపి చెప్పారు. మామూలు ఊళ్ళో మామూలు పిల్లాడికి మాత్రం రెండిట్లో ఒకటే ఎంచుకోమన్నారు.

ప్రింట్ షాపు గురించి కాస్త చెప్పనివ్వండి, తొమ్మిదేళ్ళు అందులో కూర్చున్నవాణ్ణి. బడి వార్తాపత్రిక, ఆటల టిక్కెట్లు, ఆఫీసు ఫారాలు, గ్రాడ్యుయేషన్ కార్డులు అన్నీ పిల్లలే అచ్చువేసేవాళ్ళు. గోడ అల్మరాలో సీసపు అచ్చు అక్షరాలు పెట్టుకునే ఒక టైపు కేసు మిగిలిపోయి ఉండేది, కాలిఫోర్నియా కేసు అంటారు, 89 గడులు. అక్షరాలు వరసక్రమంలో ఉండవు, ఎక్కువ వాడే అక్షరం చేతికి దగ్గరగా, పెద్ద గడిలో. ఇంగ్లీషు e అక్షరం గడి అన్నిటికంటే పెద్దది. మన తెలుగు కంపోజిటర్ల ముందు గుణింతాలకీ వొత్తులకీ కలిపి ఎన్నేసి కేసులుండేవో చూసినవాళ్ళకి ఈ ఒక్క కేసు చూస్తే ముచ్చటేస్తుంది. ఒకసారి రీయూనియన్‌కి వచ్చిన ఒక పెద్దాయన నా గదిలోకి తొంగిచూసి, లోపలికి రావచ్చా అని అడిగి, నేరుగా ఆ అల్మరా దగ్గరికి వెళ్ళాడు. కేసు బయటికి లాగి, కళ్ళు మూసుకుని వేలితో ఒక్కో గడి తడుముతూ అక్షరాలు పైకి చెప్పాడు. ఒక్కటి తప్పలేదు. "స్పెల్లింగ్ నాకు ఇంగ్లీషు క్లాసులో రాలేదు సార్, ఇక్కడ వచ్చింది. తప్పు పడితే లైను విప్పి ఒక్కో అక్షరం మళ్ళీ గడిలో వేసుకోవాలి కదా" అన్నాడు.

కమర్షియల్ డిపార్ట్‌మెంటు గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు, కానీ చాలా బడుల్లో అదే పెద్దది. టైపింగు, షార్ట్‌హ్యాండు, బుక్‌కీపింగు, ఆఫీస్ ప్రాక్టీస్. మనలో ఒక తరం వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, సాయంత్రాలు టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ కొట్టి లోయర్, ఆ తర్వాత హయ్యర్ పాసైనవాళ్ళం. మనం బయట ఫీజు కట్టి నేర్చుకున్నది ఇక్కడ బడిలోనే ఉచితంగా, యూనిట్‌తో సహా వచ్చేది. మనకి పిట్‌మన్ షార్ట్‌హ్యాండు అయితే వాళ్ళకి గ్రెగ్. కీల మీద అక్షరాలు కనపడకుండా చేసిన మెషీన్లు, గోడ మీద పెద్ద కీబోర్డు చార్టు, టీచరు చేతిలో స్టాప్‌వాచ్, అయిదు అక్షరాలు ఒక మాట కింద లెక్క. అమ్మాయిలు ఎక్కువగా ఇక్కడే ఉండేవాళ్ళు. స్మిత్-హ్యూస్ డబ్బు ఈ డిపార్ట్‌మెంటుకి రాలేదు, ఆఫీసు పనుల కోర్సులకి కేంద్రం డబ్బు 1963 వొకేషనల్ చట్టంతో గానీ తెరుచుకోలేదు. కేంద్రం షరతులు లేవు కాబట్టి టైపింగు ఒక్క పిరియడుతో సరిపెట్టుకుంది, అందుకే కాలేజీకి వెళ్ళేవాళ్ళు కూడా ఒక సెమిస్టరు వచ్చి నేర్చుకుపోయేవాళ్ళు. బడి మొత్తంలో అన్ని రకాల పిల్లలూ నిజంగా కలిసి కూర్చున్న గది ఏదైనా ఉందంటే జిమ్ము తర్వాత అదేనని నా అభిప్రాయం.

వొకేషనల్ అగ్రికల్చర్ గురించి చెప్పాలంటే రైతు కుటుంబంలోంచి వచ్చినవాడిగా నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను. చట్టం ప్రకారం అగ్రికల్చర్ పిల్లాడు ఏడాదికి కనీసం ఆరు నెలలు పొలం మీద పర్యవేక్షణలో పని చేయాలి. సొంతంగా రెండెకరాల మొక్కజొన్నో నాలుగు పందులో పెంచి, ఖర్చూ రాబడీ పుస్తకంలో రాసి చూపించాలి. టీచరుకి వేసవి సెలవులుండేవి కావు, పన్నెండు నెలల ఉద్యోగం, కారేసుకుని పిల్లల పొలాలకి తిరిగేవాడు. ఆయన పొలం గట్టు మీద నిలబడి హైబ్రిడ్ విత్తనం గురించి, మట్టి పరీక్ష గురించి పిల్లాడికి చెబుతుంటే పక్కన తండ్రి కూడా వినేవాడు. మీ ఇయర్‌బుక్‌లో నీలం కార్డురాయ్ జాకెట్లు వేసుకున్న అబ్బాయిల గ్రూప్ ఫొటో ఉండే ఉంటుంది, బ్లాక్ అండ్ వైటులో ముదురు రంగులా కనిపిస్తుంది. అది ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా, 1928లో కాన్సస్ సిటీలో మొదలైంది, జాకెట్ 1933లో వచ్చింది. అమ్మాయిలని దేశవ్యాప్తంగా 1969 దాకా సభ్యులుగా తీసుకోలేదు. దక్షిణాదిలో నల్లజాతి పిల్లలకి వేరే సంఘం ఉండేది, న్యూ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా, 1965లో గానీ రెండూ కలవలేదు.

హోం ఎకనామిక్స్‌కీ ఇదే చట్టం డబ్బు. చిన్నచిన్న వంటగదుల్లా విడగొట్టిన పెద్ద గది, కుట్టు మిషన్లు, మొదటి ఏడాది ఏప్రన్ కుట్టడం. అబ్బాయి షాపుకీ అమ్మాయి హోం ఎక్‌కీ, అంతే, చాలాచోట్ల మారడానికి లేదు. మెకానికల్ డ్రాయింగ్ నేర్చుకోవాలనుకున్న అమ్మాయికి చాలాచోట్ల ఆ తలుపు, చదువులో ఆడామగా తేడా చూపకూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం తర్వాతే తెరుచుకుంది.

అయితే అకడమిక్ వైపు అంతా గొప్పగా ఉండేదా? ఇక్కడ మనవాళ్ళు చాలామంది పొరబడతారు. 1949 నాటి ప్రభుత్వ లెక్కల్లో ఆ ఏడాది హైస్కూలు పిల్లల్లో ఆల్జీబ్రా చదువుతున్నవాళ్ళు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, ఫిజిక్స్ చదువుతున్నవాళ్ళు నూటికి అయిదుగురు. ఫిజిక్స్ ఒక్క తరగతిలోనే ఉంటుంది కాబట్టి ఆ అంకెని నాలుగుతో హెచ్చవేసి చూసినా అయిదుగురిలో ఒకరు. మిగతావాళ్ళు జనరల్ మ్యాథ్, జనరల్ సైన్స్ చదివి బయటపడ్డారు. 1945లో చార్లెస్ ప్రాసర్ అన్నాయన, స్మిత్-హ్యూస్ చట్టం వెనక ముఖ్యంగా పనిచేసినవాడే, ఒక సమావేశంలో తీర్మానం పెట్టాడు. నూటికి 20 మంది కాలేజీకి, 20 మంది నైపుణ్యం కావలసిన వృత్తులకి, మిగిలిన 60 మందికి ఈ రెండూ పనికిరావు, వాళ్ళకి బతుకుతో సర్దుకుపోవడం నేర్పాలి అని. దాన్నే లైఫ్ అడ్జస్ట్‌మెంట్ అన్నారు. నన్నడిగితే ఆ కాలపు అసలు తప్పు వొకేషనల్ డిపార్ట్‌మెంట్లో లేదు, ఈ 60 మందిని చూసే చూపులో ఉంది. మెషిన్ షాపు పిల్లాడికి కనీసం చేతిలో ఒక విద్య ఉంది. జనరల్ కోర్సు పిల్లాడికి డిప్లొమా కాగితం తప్ప ఏమీ లేదు. పాత కార్డుల్లో నాకు బాధేసినవి ఎక్కువగా అవే.

1957 అక్టోబరులో రష్యావాళ్ళు స్పుత్నిక్ ఎగరేశాక ఒక్కసారిగా అందరి చూపూ ఫిజిక్స్ గది మీద పడింది. మరుసటి ఏడాదే నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ చట్టం వచ్చింది, సైన్సు, లెక్కలు, ఫారిన్ లాంగ్వేజీలకి కేంద్రం డబ్బు. మా పాత బిల్స్ ఫైల్లో 1960 ప్రాంతంలో లాంగ్వేజ్ ల్యాబ్ టేప్ రికార్డర్లు, హెడ్‌ఫోన్లు కొన్న కాగితాలు కట్టలకి కట్టలు ఉన్నాయి. ఏ కోర్సు తీసుకోవాలో పిల్లలకి సలహా ఇచ్చే గైడెన్స్ కౌన్సెలర్లకీ, పరీక్షలకీ కూడా ఆ చట్టమే డబ్బు ఇచ్చింది. 1959లో కోనంట్ నివేదిక వచ్చింది, ఆయనా ఒకప్పటి హార్వర్డ్ అధ్యక్షుడే. అన్నీ ఒకే బడిలో ఉండటం మంచిదే, కానీ చివరి తరగతిలో కనీసం వంద మందైనా లేని చిన్న బడులు ఇన్ని రకాల కోర్సులు నడపలేవు, వాటిని కలిపేయండి అన్నాడు. పిల్లల్ని మొత్తంగా ట్రాకుల్లో, అంటే కాలేజీ, వొకేషనల్ లాంటి స్థిరమైన దారుల్లో, పడేయకుండా ఒక్కో సబ్జెక్టులో వాళ్ళ స్థాయిని బట్టి విడదీయమన్నాడు. ప్రతి 250 నుంచి 300 మందికి ఒక కౌన్సెలర్ ఉండాలన్నాడు. ఆ లెక్క నేటికీ అందని బడులు చాలా ఉన్నాయి, మాదీ అందులో ఒకటి.

మీ మూడో ప్రశ్నకి వద్దాం. అటు పంపేసేవాళ్ళా? కొందరిని పంపారు, కొందరు ఇష్టంగా వెళ్ళారు, ఎవరు ఏ లెక్కలోకి వస్తారన్నది తెలివి కంటే ఇల్లూ రంగూ చూసి ఎక్కువ జరిగింది. అర్కన్సాలోని లిటిల్ రాక్‌లో 1929లో నల్లజాతి పిల్లలకి హైస్కూలు కట్టినప్పుడు మొదట అనుకున్న పేరు నీగ్రో స్కూల్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఆర్ట్స్. ఆ పేరు మాకొద్దు, మా పిల్లలకి పూర్తి చదువు కావాలని అక్కడి నల్లజాతి పెద్దలు పట్టుబడితే, కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పేరు పెట్టారు, వృత్తి కోర్సులతో పాటు అకడమిక్ చదువూ నడిపారు. పేరు కోసం ఎందుకంత పోరాటమని కొందరికి అనిపించవచ్చు. మన దగ్గర కులం చూసి "నీకు చదువెందుకు, పని నేర్చుకో" అన్న మాట విన్న ఇళ్ళలో ఎవరినడిగినా చెబుతారు ఎందుకో. వాషింగ్టన్ నగరంలో 1956 నుంచి పిల్లల్ని పరీక్షల ఆధారంగా నాలుగు ట్రాకుల్లో పెట్టారు, కింది ట్రాకులు పేద, నల్లజాతి పిల్లలతో నిండిపోయాయి, 1967లో హాబ్సన్ వర్సెస్ హాన్సెన్ కేసులో కోర్టు దాన్ని కొట్టేసింది. 1968 మార్చిలో లాస్ ఏంజిలిస్ తూర్పు ప్రాంతంలో మెక్సికన్-అమెరికన్ పిల్లలు వేల మంది క్లాసులు వదిలి బయటికి నడిచారు, మమ్మల్ని షాపుకీ హోం ఎక్‌కీ తోసేయడం ఆపి కాలేజీ కోర్సులు చెప్పండి అన్నది వాళ్ళ డిమాండ్లలో ఒకటి.

ఇవన్నీ చదివాక కూడా షాపులు మూసేయడం మంచిదయిందని నేననను. మా ప్రింట్ షాపు, మెషిన్ షాపు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. చేయవలసింది తలుపుకి రెండు వైపులా గడియ తీయడం, షాపు పిల్లాడికి జామెట్రీ, జామెట్రీ పిల్లాడికి షాపు దొరికేలా. దానికి బదులు ఒక గదిని ఖాళీ చేసి నాలాంటివాడికి లెక్కలు చెప్పుకోమని ఇచ్చారు.

ఇక మనవైపు కథ. 1952-53లో ముదలియార్ కమిషన్ మన సెకండరీ విద్య మీద నివేదిక ఇచ్చింది. హ్యుమానిటీస్, సైన్స్, టెక్నికల్, కామర్స్, అగ్రికల్చర్, ఫైన్ ఆర్ట్స్, హోం సైన్స్ అని ఏడు గ్రూపులతో మల్టీపర్పస్ హైస్కూళ్ళు పెట్టమంది. మీ ఇయర్‌బుక్ పక్కన పెట్టి చూస్తే పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పటికీ కొన్ని బడుల బోర్డు మీద మల్టీపర్పస్ అన్న మాట ఉంటుంది, ఆ మాట ఎందుకుందో అక్కడ చదివే పిల్లలకి తెలియదు. ఆ బడులకి టీచర్లని తయారుచేయడానికి 1960లలో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో రీజనల్ కాలేజీలు పెట్టారు, వాటికి సాయం చేసింది ఒహాయో స్టేట్ యూనివర్సిటీ. నేను బీఎస్సీ బీఈడీ చేసింది ఆ మైసూరు కాలేజీలోనే. ఇరవై ఏళ్ళ తర్వాత ఒహాయోలో ఆ స్టోర్‌రూములో కూర్చుని టైంటేబుళ్ళు తిరగేస్తుంటే, నాకు పాఠం చెప్పడం నేర్పిన కాలేజీ ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

మీ ఇయర్‌బుక్‌తో ఇప్పుడు చేయవలసింది చెబుతాను. చివరి తరగతి పిల్లల ఫొటోల కింద చిన్న అక్షరాల్లో కాలేజ్ ప్రెప్, జనరల్, కమర్షియల్, వొకేషనల్ అని ఏదైనా రాసుందేమో చూడండి, చాలా ఇయర్‌బుక్కుల్లో వేసేవాళ్ళు. ఉంటే ఒక్కోదాని కింద ఎంతమందో లెక్కపెట్టండి, అబ్బాయిలు వేరుగా అమ్మాయిలు వేరుగా. తర్వాత అదే పేర్లు క్లబ్బుల పేజీల్లో, స్టూడెంట్ కౌన్సిల్‌లో, ఫుట్‌బాల్ టీములో వెతకండి. ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు ఎంతవరకు కలిశారో అక్కడ తెలుస్తుంది. ఇంకో సంగతి, చివరి పేజీలో ఎక్కడ అచ్చువేశారో ఉంటుంది. అది ఆ బడి ప్రింట్ షాపే అయితే దయచేసి ఆ పేజీ ఫొటో ఒకటి పెట్టండి, నాకు చూడాలని ఉంది.